మంగళవారం స్క్రీన్ మీద, శుక్రవారం గ్రౌండ్‌లో: మైనర్ లీగ్ బేస్‌బాల్ ఇంటిల్లిపాదీ చూడటం ఎలా

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. నయాగరా చూపించారు, గుళ్ళు తిప్పారు, మాల్స్ అయ్యాయి. పిల్లలకు ఇంకా నెల రోజులు సెలవులున్నాయి. ఇంటికి అరగంట దూరంలో మైనర్ లీగ్ (మేజర్ లీగ్ అనే పెద్ద లీగ్‌కి ఎదగాలని చూసే కుర్రాళ్ళు ఆడేది) బేస్‌బాల్ గ్రౌండ్ ఉన్నా చాలా ఇళ్ళల్లో అది గుర్తుకు రాదు. గుర్తొచ్చి వెళ్ళినవాళ్ళు కూడా మూడో ఇన్నింగ్స్‌కల్లా ఫోన్లు తీస్తారు. ఆట చప్పగా ఉండి కాదు, ఎటు చూడాలో తెలియక.

టీవీలో కెమెరా పిచ్చర్ (బంతి వేసేవాడు) వెనక నుంచి చూపిస్తుంది. బంతి బ్యాటర్‌కి లోపలగా వచ్చిందా బయటగా పోయిందా అన్నది అక్కడే బాగా తెలుస్తుంది. గ్రౌండ్‌లో పక్క సీట్లోంచి అది కనపడదు. కానీ ఫీల్డర్లు ఎక్కడ నిలబడ్డారు, రన్నర్ బేస్ (పరుగు కోసం వరసగా చుట్టి రావాల్సిన నాలుగు చోట్లలో ఒకటి) వదిలి ఎన్ని అడుగులు ముందుకొచ్చాడు అనేవి గ్రౌండ్‌లో తెలిసినట్టు టీవీలో తెలియవు. అందుకే ముందు స్క్రీన్ మీద నేర్చుకుని, తర్వాత గ్రౌండ్‌లో చూడాలి. ఈ రెండూ ఒకే వారంలో కుదిరేలా మైనర్ లీగ్ షెడ్యూల్ ఉంటుంది.

ముందు వారం ఎంచుకోండి, రోజు తర్వాత

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. 2021లో మార్చిన పద్ధతి ప్రకారం ఒక్కో జట్టు కింద, పై స్థాయి నుంచి కిందికి, నాలుగు మైనర్ జట్లు: ట్రిపుల్-ఎ, డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ. మొత్తం 120. వీటిలో కొన్ని తెలుగువాళ్ళు గుంపుగా ఉండే ఊళ్ళలోనే ఉన్నాయి. ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ టెక్సస్ రేంజర్స్‌కి డబుల్-ఎ జట్టు. న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వర స్వామి గుడి ఉన్న ఊళ్ళోనే యాంకీస్ డబుల్-ఎ జట్టు సోమర్‌సెట్ పేట్రియాట్స్ ఆడుతుంది. శాన్ హోసేలో జెయింట్స్ సింగిల్-ఎ జట్టు ఆడే గ్రౌండ్ 1942 నాటిది. నార్త్ కరొలైనాలో డర్హమ్ బుల్స్ టాంపా బే రేస్‌కి ట్రిపుల్-ఎ జట్టు.

2021 నుంచి మైనర్ లీగ్‌లో మామూలుగా ఒకే ప్రత్యర్థి మంగళవారం నుంచి ఆదివారం దాకా ఊళ్ళోనే ఉండి ఆరు మ్యాచ్‌లు ఆడుతుంది. సోమవారం సెలవు. అంటే మంగళవారం మీరు ఇంట్లో చూసిన ఆటగాళ్ళే శుక్రవారం గ్రౌండ్‌లో మీ కళ్ళెదుట ఉంటారు. కాబట్టి షెడ్యూల్‌లో మీ ఊరి జట్టు సొంత గ్రౌండ్‌లో ఆడే వారం వెతకండి. డబుల్-ఎ, ఎ స్థాయి సీజన్ ఏప్రిల్ మొదట్లో మొదలై సెప్టెంబర్ మధ్యకల్లా అయిపోతుంది. ట్రిపుల్-ఎ అటూ ఇటూ ఇంకొంచెం ఎక్కువ.

రోజు విషయానికొస్తే, మంగళ, బుధవారాల్లో జనం తక్కువ, టికెట్ చవక. చంటిపిల్లలుంటే బుధవారమే మేలు. గురువారం చాలాచోట్ల బీరు ధర తగ్గిస్తారు కాబట్టి ఆ రాత్రి గోల ఎక్కువ. శుక్రవారం ఆట అయ్యాక బాణసంచా కాల్చడం చాలా జట్ల అలవాటు. పిల్లలు ఐదేళ్ళు దాటినవాళ్ళయితే శుక్రవారానికి మించింది లేదు. ఆదివారం ఆట తర్వాత పిల్లల్ని గ్రౌండ్‌లోకి వదిలి బేస్‌ల చుట్టూ పరిగెత్తనిస్తారు. జట్టు వెబ్‌సైట్లో ప్రమోషన్ల పట్టిక ఉంటుంది, అది చూశాకే టికెట్ కొనండి. టోపీలో బొమ్మలో పంచే రోజయితే 'మొదటి ఇంతమందికి' అని ఉంటుంది. ఆ రోజు గేటు తెరిచే ముందే క్యూలో ఉండాలి.

మంగళవారం రాత్రి: మూడు ఇన్నింగ్స్ చాలు

మేజర్ లీగ్ వాళ్ళ ఎం.ఎల్.బి. యాప్‌లో మైనర్ లీగ్ ఆటలు కూడా లైవ్‌లో వస్తాయి. కొన్నిటికి చందా కట్టాలి, అది ముందే చూసుకోండి. కింది స్థాయి ఆటల్లో కెమెరాలు తక్కువ, రీప్లేలు తక్కువ. నేర్చుకోవడానికి అది అడ్డు కాదు. ఫోన్‌లో కాకుండా టీవీకి కలిపి పెట్టండి, పెద్దవాళ్ళకు మూలనున్న స్కోరు కనపడాలి. మ్యాచ్ మొత్తం చూపించి విసిగించొద్దు. మూడు ఇన్నింగ్స్, సుమారు 50 నిమిషాలు, అంతే.

క్రికెట్ తెలిసిన ఇంట్లో చెప్పాల్సిన రూల్స్ ఐదారే. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగ్‌కి వస్తుంది. తొమ్మిది ఇన్నింగ్స్, జట్టుకి 27 అవుట్లు. సొంత జట్టు ఎప్పుడూ రెండోది బ్యాట్ చేస్తుంది, తొమ్మిదో ఇన్నింగ్స్ సగానికే ఆధిక్యంలో ఉంటే ఇక బ్యాట్ పట్టదు. స్ట్రైక్ జోన్ అంటే బ్యాటర్ పక్కన నేల మీదుండే, 17 అంగుళాల వెడల్పున్న హోం ప్లేట్ మీద, బ్యాటర్ మోకాలి చిప్ప కింది నుంచి భుజాలకూ నడుముకూ మధ్య దాకా ఉన్న ఖాళీ. అందులోంచి పోయినా, బ్యాట్ ఊపి తగిలించలేకపోయినా స్ట్రైక్. మూడు స్ట్రైకులు అవుట్, నాలుగు బాల్స్ (జోన్ బయటగా పోయి, బ్యాటర్ ఊపకుండా వదిలేసినవి) అయితే ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచిపోవచ్చు.

క్రికెట్ చూసే కళ్ళు తడబడేది ఇక్కడి నుంచే. బంతి గీతల లోపల పడితే బ్యాటర్ పరిగెత్తి తీరాలి, డిఫెన్స్ ఆడి నిలబడిపోవడం లేదు. గీత బయటికి పోతే ఫౌల్, పరుగు లేదు. 'అంత గట్టిగా కొట్టాడు, పరిగెత్తడేం?' అని తాతగారు అడిగేది సరిగ్గా అప్పుడే. రెండు స్ట్రైకులు పడేదాకా ఫౌల్స్ కూడా స్ట్రైకులే, ఆ తర్వాత ఎన్ని కొట్టినా అవుట్ కాడు (బంట్ చేస్తే, అంటే ఊపకుండా బ్యాట్ అడ్డం పెట్టి మెల్లగా నెడితే తప్ప). కానీ ఫౌల్ బంతిని గాల్లో పడితే మాత్రం అవుటే. ఫోర్ అనేది లేదు. నేరుగా గోడ దాటితే హోం రన్, ఒక స్టెప్పు పడి దాటితే రెండు బేస్‌లే ఇస్తారు.

అవుట్ చేయడంలో ఒక తేడా మాత్రం టీవీ ఆపి మరీ చూపించండి. ఫస్ట్ బేస్‌కి పరిగెత్తే బ్యాటర్‌ని, లేదా వెనక నుంచి మరో రన్నర్ వస్తుండటంతో ముందుకు పోక తప్పని రన్నర్‌ని అవుట్ చేయాలంటే ఫీల్డర్ బంతి పట్టుకుని బేస్ తొక్కితే చాలు. ఆ బలవంతం లేని రన్నర్‌ని మాత్రం బంతి ఉన్న గ్లోవ్‌తో తాకాలి. ఇది తెలియకపోతే గ్రౌండ్‌లో సగం అవుట్లు ఎందుకిచ్చారో అర్థం కాదు.

చివరగా, పిల్లలు ఒక్కొక్కరూ ఇద్దరు ఆటగాళ్ళను ఎంచుకోవాలి. జెర్సీ నంబరు, వయసు, పుట్టిన ఊరు జట్టు పేజీలో ఉంటాయి. స్టార్టింగ్ పిచ్చర్‌ని ఎంచుకోనివ్వకండి. మంగళవారం వేసినవాడికి కనీసం నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తారు, శుక్రవారం అతను బెంచీ మీదే ఉంటాడు. ఇద్దర్ని అనడానికీ కారణం ఉంది: ఆరు రోజులు వరసగా ఆట కాబట్టి బ్యాటర్లకూ మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఇస్తుంటారు. ఒకడు ఆడకపోయినా ఇంకొకడుంటాడు.

టికెట్: ఎండ ఎటు, మెట్లు ఎన్ని

డబుల్-ఎ స్థాయిలో మంచి సీటు చాలాచోట్ల 10 నుంచి 25 డాలర్ల మధ్య దొరుకుతుంది. ఆన్‌లైన్ ఫీజు వద్దనుకుంటే బాక్స్ ఆఫీసు దగ్గర కొనవచ్చు. ధర కన్నా ముఖ్యమైనవి మూడున్నాయి.

మొదటిది ఎండ. హోం ప్లేట్ నుంచి పిచ్చర్ మీదుగా సెకండ్ బేస్‌కి గీసిన గీత తూర్పుకీ ఈశాన్యానికీ మధ్యగా సాగితే మంచిదని రూల్ బుక్‌లోనే ఉంది, సాయంత్రం బ్యాటర్ కళ్ళలో సూర్యుడు పడకూడదని. అలా కట్టిన గ్రౌండ్‌లో థర్డ్ బేస్ వైపు, హోం ప్లేట్ వెనక కూర్చున్నవాళ్ళకు సూర్యుడు వీపు వెనక ఉంటాడు, నీడ త్వరగా వస్తుంది. ఫస్ట్ బేస్ వైపు, రైట్ ఫీల్డ్ వైపు కూర్చుంటే జులైలో ఎనిమిదిన్నర దాకా ఎండ ముఖాన కొడుతుంది. అన్ని గ్రౌండ్లూ ఇలాగే ఉండవు. మ్యాప్‌లో శాటిలైట్ చిత్రం తెరిచి ఉత్తరం ఎటుందో ఒకసారి చూసుకోండి, నిమిషం పని. టెక్సస్ వేసవిలో ఈ ఒక్క నిమిషమే సాయంత్రాన్ని కాపాడుతుంది.

రెండోది మెట్లు. కొత్తగా కట్టిన గ్రౌండ్లలో నడవా, తినుబండారాల కొట్లు, బాత్రూములు సీట్లకు పైన ఉంటాయి, అక్కడి నుంచి కిందికి దిగాలి. అందుకే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ముందు వరసలు బాగోవు. వరస సంఖ్య పెద్దదైన, నడవాకి దగ్గరి సీట్లు తీసుకోండి, అదీ చివరి సీట్లు. మధ్య సీటైతే బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ పదిమంది లేవాలి.

మూడోది వల. పిల్లలతో వెళ్తే వల వెనక సెక్షన్లే. బేస్‌బాల్ బరువు 5 ఔన్సుల పైచిలుకు, అంటే 140 గ్రాములకు పైనే. బ్యాట్ అంచు నుంచి వచ్చే ఫౌల్ బంతి చేతులడ్డం పెట్టేలోగా వచ్చేస్తుంది. గ్లోవ్ లేకుండా పట్టడానికి ప్రయత్నించవద్దు, వేళ్ళు విరుగుతాయి. మెల్లగా దొర్లుకుంటూ మీ దగ్గరికొస్తే మాత్రం ఆ బంతి మీదే, క్రికెట్‌లోలా తిరిగి విసరక్కర్లేదు. అయితే గోడ మీంచి గ్రౌండ్‌లోకి వంగి అందుకోకూడదు, ఆటకు అడ్డొస్తే బయటికి పంపుతారు.

గడ్డి మీద చాప వేసుకుని కూర్చునే అవుట్‌ఫీల్డ్ టికెట్ అన్నిటికన్నా చవక, పిల్లలకు పండగ. కానీ పడమటి ఎండ అక్కడ నేరుగా తగులుతుంది, ఆట కూడా దూరం. మొదటిసారికి వద్దు. ఫ్రిస్కో గ్రౌండ్‌లో రైట్ ఫీల్డ్ దగ్గర నీళ్ళలో తేలుతూ ఆట చూసే లేజీ రివర్ కూడా ఉంది. పిల్లలకు అది చూపించారంటే ఆట మీద కన్ను పెట్టరు, కాబట్టి దాన్ని రెండోసారికి దాచండి.

సంచి, తిండి

చాలా గ్రౌండ్లు పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచి మాత్రమే రానిస్తాయి, చంటిపిల్లల సంచికి మినహాయింపు ఉంటుంది. అందులో మందులు, టోపీలు, సన్‌స్క్రీన్, పిల్లలకు చెవి మఫ్‌లు, చిన్న నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకోండి. ఉత్తరాది రాష్ట్రాల్లో ఏప్రిల్, మే రాత్రులైతే పలచని శాలువా కాదు, జాకెట్టే కావాలి. సీలు తీయని నీళ్ళ సీసా కొన్నిచోట్ల రానిస్తారు. చాలా గ్రౌండ్లలో నోట్లు తీసుకోరు, కార్డు ఉండాలి.

బయటి తిండి మామూలుగా రానివ్వరు. పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని పార్కింగ్‌లో కారు దగ్గరే తినేసి లోపలికి వెళ్ళండి, అది అక్కడ అందరూ చేసే పనే. లోపల శాకాహారులకు వేరుశెనగలు, పాప్‌కార్న్, ఉప్పు ప్రెట్జెల్, చీజ్ పిజ్జా, ప్లాస్టిక్ హెల్మెట్లో పెట్టిచ్చే ఐస్‌క్రీం ఉంటాయి. నాచోస్ అడిగేటప్పుడు 'చిల్లీ వద్దు, చీజ్ ఒక్కటే' అని చెప్పండి. వాళ్ళ చిల్లీ అంటే మిరపకాయ కాదు, మాంసం కూర. ఫ్రెంచ్ ఫ్రైస్ చాలాసార్లు చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారు, పట్టింపు ఉంటే అడగండి. హాట్‌డాగ్ చాలావరకు బీఫ్ లేదా బీఫ్, పోర్క్ కలిపినది. మాంసాహారులైనా బీఫ్ తినని ఇంట్లో ఈ ముక్క పిల్లలకు ముందే చెప్పాలి. కొట్టుకి ఆట నడుస్తుండగా, రెండో ఇన్నింగ్స్‌లోనే వెళ్ళండి. విరామంలో అందరూ లేస్తారు, క్యూ పెరుగుతుంది.

శుక్రవారం: గేటు నుంచి ఏడో ఇన్నింగ్స్ దాకా

గేట్లు మామూలుగా ఆటకు గంట ముందు తెరుస్తారు. ఆ గంట వృథా కాదు. ఆటగాళ్ళు డగౌట్ (జట్టు బెంచీ ఉండే చోటు) చివర, ఫౌల్ గీత పక్కన వార్మప్ చేస్తుంటారు. పిల్లలు కంచె దగ్గర నిలబడి పేరుపెట్టి పిలిస్తే చాలామంది వచ్చి సంతకం చేస్తారు. మేజర్ లీగ్‌లో ఈ చనువు దొరకడం కష్టం. బంతి మీద సంతకానికి నీలం బాల్‌పెన్ ఇవ్వండి, మార్కర్ ఇస్తే సిరా తోలులోకి ఇంకి అలుక్కుపోతుంది. కార్డుకి, టోపీకి మార్కర్. ఆట ముందు జాతీయ గీతం వచ్చినప్పుడు లేచి టోపీ తీయాలి.

ఆట మొదలయ్యాక బంతి వెనకే కళ్ళు పరిగెత్తించకండి. 95 మైళ్ళ వేగంతో, అంటే గంటకు 153 కిలోమీటర్లతో వేసిన బంతి సుమారు 0.4 సెకన్లలో ప్లేట్ దాటుతుంది. పక్క సీట్లోంచి చూసేదేమీ ఉండదు. దాని బదులు ఒక్క బ్యాటర్‌ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నాడనుకోండి. అతను బేస్ వదిలి పక్కకు జరుగుతాడు: ఒక అడుగు, రెండు, మూడు. మోకాళ్ళు వంచి, చేతులు వేలాడేసి, కళ్ళు పిచ్చర్ మడమ మీద పెడతాడు. పిచ్చర్ భుజం మీంచి అతన్ని చూస్తాడు. ఒకసారి ఫస్ట్ బేస్‌కి విసురుతాడు, రన్నర్ పొట్ట మీద పడి చెయ్యి బేస్‌కి ఆనిస్తాడు. ఒక్కో బ్యాటర్ ఉన్నంతలో ఇలా రెండుసార్లే ఊరికే విసరవచ్చు. మూడోసారి విసిరి అవుట్ చేయలేకపోతే రన్నర్‌కి ఒక బేస్ ఉచితం. రెండు అయిపోయాయంటే రన్నర్ ఇంకో అడుగు ఎక్కువ తీసుకుంటాడు, ఆ అడుగు మీ సీట్లోంచి కనిపిస్తుంది. అప్పుడు ఓరకంటితో పిచ్ క్లాక్ (పిచ్చర్ ఎంతలోగా వేయాలో చూపే గడియారం) చూడండి. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే ఇంకొన్ని. గడియారం సున్నాకి వచ్చేలోగా పిచ్చర్ వేయడం మొదలుపెట్టకపోతే ఒక బాల్ ఇస్తారు. 8 సెకన్లు ఉండగా బ్యాటర్ సిద్ధంగా లేకపోతే ఒక స్ట్రైక్. ఈ గడియారం వచ్చాకే ఆట రెండున్నర గంటల దగ్గర తేలుతోంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళడానికి ధైర్యం వచ్చిందీ దానివల్లే.

రెండు స్ట్రైకులు పడ్డాక బ్యాటర్ చేతులు గమనించండి. చాలామంది పట్టు అంగుళం పైకి జరుపుతారు, ఊపు పొట్టిగా చేస్తారు. గట్టిగా కొట్టడం మానేసి బంతికి తగిలించడం మీదికి వచ్చాడన్నమాట. క్రికెట్ చూసిన కళ్ళకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

నోటుబుక్కు పిల్లల చేతికివ్వండి. స్థానాలకు అంకెలుంటాయి: పిచ్చర్ 1, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. అందరూ తప్పేది షార్ట్‌స్టాప్ దగ్గరే. అతను సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడతాడు కాబట్టి 5 అనుకుంటారు. బేస్ కాపలావాళ్ళు ముగ్గురూ అయ్యాకే అతని అంకె. షార్ట్‌స్టాప్ బంతి ఆపి సెకండ్‌కి, అక్కడి నుంచి ఫస్ట్‌కి పోయి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాయాలి. స్ట్రైకవుట్‌కి ఇంగ్లిష్ 'కె', ఊపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. పెద్దబోర్డు మీద ఆర్ అంటే పరుగులు, హెచ్ అంటే హిట్లు, ఈ అంటే ఫీల్డింగ్ తప్పులు.

ట్రిపుల్-ఎ గ్రౌండ్ అయితే ఇంకో ముచ్చట. బాల్, స్ట్రైక్ మీద అంపైర్ నిర్ణయం నచ్చకపోతే బ్యాటర్, పిచ్చర్ లేదా క్యాచర్ వెంటనే తల మీద తట్టుకుంటారు. పెద్ద స్క్రీన్ మీద బంతి దారి గీసి, జోన్‌ని తాకిందో లేదో చూపిస్తారు. డి.ఆర్.ఎస్. తెలిసిన మనవాళ్ళకు వివరించాల్సిన పని లేదు. ఇదే పద్ధతి 2026లో మేజర్ లీగ్‌కూ వెళ్ళింది.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి 1908 నాటి బేస్‌బాల్ పాట పాడతారు. మాటలు స్క్రీన్ మీద వస్తాయి. పెద్దవాళ్ళకు నడుము సాగదీసుకోవడానికి కూడా అదే సమయం. చంటిబిడ్డ నిద్రపోయి ఉంటే, బాణసంచా ఉన్న రాత్రి ఎనిమిదో ఇన్నింగ్స్ చివర్లో కారు దగ్గరికి వెళ్ళిపోండి. పార్కింగ్‌లోంచి కూడా చాలాచోట్ల బాగానే కనిపిస్తుంది.

వాన పడితే వెంటనే ఇంటికి బయల్దేరకండి. మెరుపులుంటే ఆట ఆపి అందర్నీ కప్పు కిందికి పంపుతారు, అది తగ్గాక మళ్ళీ మొదలవుతుంది. ఆ రాత్రి ఆట రద్దయితే టికెట్‌ని ఇంకో మ్యాచ్‌కి మార్చిస్తారు, డబ్బు తిరిగివ్వడం అరుదు. ఫోన్‌లో ఉన్న టికెట్ తీసేయకుండా ఉంచుకోండి. వాయిదా పడ్డ ఆటని మర్నాడు డబుల్‌హెడర్‌గా (ఒకే రోజు రెండు ఆటలు) పెడితే ఒక్కోటీ ఏడు ఇన్నింగ్సే అని గుర్తుంచుకోండి.

శనివారం: సినిమా

సినిమా శుక్రవారం ముందు చూస్తే ఆటలో సినిమా వెతుక్కుంటారు. తర్వాత చూస్తే సినిమాలో తాము చూసిన ఆట కనపడుతుంది. అందుకే శనివారం.

ఇంటిల్లిపాదికీ 2014లో వచ్చిన మిలియన్ డాలర్ ఆర్మ్ పెట్టండి. పిల్లలతో చూడదగ్గ పీజీ రేటింగ్, సంగీతం ఏ.ఆర్. రెహమాన్, కొంత సంభాషణ హిందీలో కూడా ఉంటుంది. 2008లో ఇండియాలో జరిగిన టీవీ పోటీ నుంచి వచ్చిన ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళు రింకు సింగ్, దినేశ్ పటేల్ కథ అది. మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్ళతో సంతకం చేయించుకోవడంతో సినిమా ఆగుతుంది. మైనర్ లీగ్ మొదలయ్యేది అక్కడే. సినిమా అయ్యాక మిగతాది పిల్లలకు మీరు చెప్పండి: 2009లో ఇద్దరూ అట్టడుగు గల్ఫ్ కోస్ట్ లీగ్‌లో ఆడారు. దినేశ్ 2010లో ఇంటికొచ్చేశాడు. రింకు 2012లో వెస్ట్ వర్జీనియాలో ఎ స్థాయి జట్టుకు ఆడాడు. ఇద్దరూ మేజర్ లీగ్ చేరలేదు. నిన్న కంచె దగ్గర సంతకం చేసిన కుర్రాడి ముందున్న దారి ఎంత పొడుగో అప్పుడు పిల్లలకు అందుతుంది.

పెద్దవాళ్ళు మాత్రమే చూసేది కావాలంటే 1988 నాటి బుల్ డర్హమ్. అమెరికాలో దానికి ఆర్ రేటింగ్, పిల్లలు నిద్రపోయాకే. డర్హమ్‌లోని పాత గ్రౌండ్‌లో తీశారు. ఆ సినిమా కోసం పెట్టిన ఎద్దు బోర్డు ఊరివాళ్ళకు నచ్చేసింది, 1995లో తెరిచిన కొత్త గ్రౌండ్‌లో కూడా ఎద్దు బోర్డు ఉంటుంది. కొన్ని జట్లు ఆట లేని రాత్రుల్లో గ్రౌండ్ పెద్దస్క్రీన్ మీద సినిమాలు కూడా వేస్తాయి, అవుట్‌ఫీల్డ్ గడ్డి మీద దుప్పటి పరుచుకుని చూడవచ్చు. ప్రమోషన్ల పట్టికలో వెతకండి.

ఆదివారం పొద్దున బాక్స్ స్కోరు (ఆటలో ఎవరేం చేశారో చూపే పట్టిక) తెరిచి, పిల్లలు ఎంచుకున్న ఆటగాళ్ళ పేర్ల పక్కన అంకెలు నోటుబుక్కులోకి ఎక్కించండి. రెండు వారాల తర్వాత చూస్తే ఆ పేరు జట్టు జాబితాలో కనపడకపోవచ్చు. 'తీసేశారు' అని పిల్లలకు చెప్పే ముందు, అదే సంస్థకు చెందిన పై స్థాయి జట్టు జాబితా ఒకసారి తెరవండి.